అత్తయ్య రుచి చూడని కైమా ఉండలు

మా పెళ్లి ఫాల్గుణంలో అయింది. కొత్తగా వచ్చిన కోడలు ఆషాఢంలో అత్తగారి గడపలో ఉండకూడదంటారు కాబట్టి, ఆషాఢం రాగానే నన్ను పెనుగొలనులోని పుట్టింటికి పంపేశారు. ఆ రెంటికీ నడుమ దొరికిన ఒక్క వేసవి గురించి చెబుతాను.

మా అత్తగారి ఊరు తిరువూరు. అక్కడి ఎండల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అంత ఎండలోనూ నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. అనుదీప్ జేబులో కొట్టు తాళాలు గలగలమంటే ముద్దొచ్చేది. బస్టాండు రోడ్డులోని మా ఎరువుల కొట్టు ముందు నిలబడి, వచ్చిన ప్రతి రైతునీ "ఏంటి బాబాయ్, పురుగు తగ్గిందా" అని అడుగుతుంటే ముద్దొచ్చేది. నలుగురిలో "ఏవండీ" అని పిలిచి, గదిలోకి రాగానే "ఒరేయ్ అనూ" అనడంలో ఎంత సరదా ఉందో, విజయవాడలో ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లలో నాకెవరూ చెప్పలేదు.

కాపురానికి వచ్చాక మొదటి ఆదివారం తలంటుకుని వంటింట్లోకి వెళ్లేసరికి, అత్తయ్య సీతారావమ్మగారు పీట మీద కూర్చుని కైమా ఉండలు చుడుతున్నారు. మా పుట్టింట్లో ఆదివారమంటే కోడికూరే. కైమాని ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషిని నేను చూడటం అదే మొదలు. మామయ్య పొద్దున్నే దగ్గరుండి కొట్టించుకొచ్చిన కైమాని కడిగి, చుక్క నీళ్లు లేకుండా పిండి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, గసగసాలు, ఎండుకొబ్బరి, నాలుగు లవంగాలు కలిపి రోట్లో మెత్తగా నూరారట. చివర్లో పుట్నాలపప్పు పొడి. అరచేతులకి నూనె రాసుకుని ఒక్కో ఉండనీ పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరి పళ్లెంలో పెడుతున్నారు.

"మిక్సీ ఉంది కదా అత్తయ్యా?"

"ఉంది. మామిడికాయ పచ్చడికి బాగానే ఉంటుంది."

పొయ్యి మీద ఉల్లిపాయల పులుసు కుతకుతమంటోంది. అత్తయ్య ఒక చిన్న ఉండని అందులో ఉడికించి తీసి, చల్లార్చి, వరండాలో పేపరు చదువుతున్న మామయ్య చేతిలో పెట్టారు. "ఉప్పు చూడండి."

మా మామయ్య వెంకటప్పయ్యగారు కళ్లు మూసుకుని నమిలారు. "కాస్త పడాలి."

"కాస్తంటే?"

"కాస్తంటే కాస్తే. నేనేం త్రాసు పట్టుకుని కూర్చున్నానా?"

ఆ మధ్యాహ్నం నేనెన్ని తిన్నానో చెప్పను. నోట్లో పెట్టగానే విరిగి, మసాలా ముందు నాలుక మీదికి, ఆ తర్వాత మెల్లగా చెవుల దాకా పాకింది. అనుదీప్ నా పళ్లెం వైపు అదే పనిగా చూశాడు.

"అమ్మా, ఈవిడకి ఇంక వడ్డించకు. సాయంత్రం బండెక్కితే ముందు చక్రం లేస్తుంది."

"నీ ముద్ద నువ్వు చూసుకోరా. కొత్తపిల్ల తిండి మీద దిష్టి పెట్టకు," అన్నారు అత్తయ్య, నాకు ఇంకో రెండు వేస్తూ.

ఆవిడ మాత్రం మామిడికాయ పప్పు కలుపుకున్నారు.

"మీరు వేసుకోరా అత్తయ్యా?"

"కైమా నాకు పడదమ్మా. వేడి చేస్తుంది."

కోడి తింటారు, చేపలు తింటారు, ఇది పడదు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అడిగి మరీ చేయించుకున్నాను. ఆవిడ ప్రతిసారీ చేశారు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవారు.

వైశాఖంలో రెడ్డిగూడెం దగ్గరి మా తోట కోతకొచ్చింది. మామయ్యా అత్తయ్యా తెల్లారకముందే వెళ్లిపోయేవారు. నేను పదింటికి క్యారియర్ కట్టుకుని అనుదీప్ బండి వెనక ఎక్కేదాన్ని. చెట్ల కింద అత్తయ్య కాయల్ని వేరు చేయిస్తూ కూర్చునేవారు. బంగినపల్లి ఒక పక్క, రసాలు ఒక పక్క, దెబ్బ తగిలినవి మా ఇంటికి. ఆ దెబ్బ తగిలినవే అన్నిటికంటే తీపి అని నేను కనిపెట్టాను. కనిపెట్టినందుకు అనుదీప్ నాకు ఆ బుట్ట పక్కనే చోటిచ్చాడు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేచింది. కాయలు టపటపా రాలిపోతున్నాయి. కూలీలతో పాటు అందరం పరుగెత్తి ఏరాం. అత్తయ్య నెత్తిన కొంగు కప్పుకుని చీకటి పడేదాకా ఆ వానలోనే ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత జ్వరం తగిలింది. టైఫాయిడ్ అన్నారు.

జ్వరం వెళ్లింది కానీ ఆకలి తిరిగి రాలేదు. గంజి పెడితే రెండు గుక్కలు. ఇడ్లీ పెడితే ఒక ముక్క. "నోరు చచ్చిపోయిందమ్మా, ఏది పెట్టినా గడ్డిలా ఉంది," అని పళ్లెం పక్కకి జరిపేవారు. గాజులు ముంజేతి నుంచి మోచేతి దాకా జారేవి. రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు మామయ్యని పక్కకి పిలిచి, "ఇంక మందులతో అయ్యేది లేదండీ. తినాలి. ఏది ఇష్టమైతే అది పెట్టండి, మాంసమైనా సరే. ఇలాగే ఉంటే మళ్లీ పడిపోతారు," అన్నారు.

మామయ్య చేతనైనంత చేశారు. బత్తాయిలు తెచ్చారు, రొట్టె తెచ్చారు, ఎవరో చెప్పారని మేకపాలు తెచ్చారు. అవి అక్కర్లేదంటే మంచం పక్కన కుర్చీ వేసుకుని, కావాలనే తోట లెక్కలు తప్పు చెప్పేవారు, ఆవిడ లేచి తిడతారేమోనని. ఆవిడ "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" విని ఆయన పంచె దులుపుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు.

అప్పుడొచ్చారు గంపలగూడెం నుంచి అత్తయ్యగారి అక్క, సరోజినీదేవిగారు. షేరాటో దిగుతూనే చెల్లెలి గడ్డం పట్టుకుని చూసి, నన్ను వంటింట్లోకి లాక్కుపోయారు.

"ఏం పెడుతున్నావే దీనికి?"

"అన్నీ పెట్టాను పెద్దత్తయ్యా. ఏదీ లోపలికి పోవడం లేదు."

"అన్నీ ఎందుకు? కైమా ఉండలు పెట్టు. గిన్నె కడగాల్సిన పని కూడా ఉండదు నీకు."

"ఆవిడకి కైమా పడదుగా?"

"ఎవరికి, సీతకా?" పెద్దత్తయ్య గట్టు పట్టుకుని నవ్వారు. "నా మనుగుడుపులకి మా ఆయన కోసమని వండిన గిన్నె, ఇది మంచం కింద దూరి మొత్తం ఊడ్చేసింది. పదేళ్ల పిల్ల. మా ఆయనకి పులుసు మిగిలింది. ఇప్పటికీ మర్చిపోడు."

పెద్దత్తయ్య ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్నే అత్తయ్యకి చెప్పకుండా మొదలుపెట్టాను. మామయ్య చేత కైమా తెప్పించాను. ఇన్ని ఆదివారాలు పక్కన నిలబడి చూసిందంతా గుర్తు చేసుకుంటూ రోట్లో నూరాను. ఉండలు ఒక్కోటి ఒక్కో సైజులో వచ్చాయి, అయినా నిలబడ్డాయి. వాసన మాత్రం అచ్చం అత్తయ్య వంటలానే వచ్చింది. గర్వంతో ఒళ్లు తేలిపోతోంది. వేడన్నంలో నెయ్యి వేసి, పక్కన నాలుగు ఉండలు పెట్టి పట్టుకెళ్లాను.

నేను గది గుమ్మంలో ఉండగానే అత్తయ్య తల తిప్పి చూశారు. ఎన్నాళ్లుగానో చూడని చూపు అది. గొంతులో గుటక కదలడం కూడా కనిపించింది. నేను మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ గోడవైపు తిరిగిపోయారు.

"వద్దమ్మా. తీసుకెళ్లు."

"ఒక్కటి, అత్తయ్యా. పెద్దత్తయ్యగారు చెప్పారు, మీకు..."

"నాకు పడదని చెప్పానుగా. తీసుకెళ్లు."

ఆవిడ నాతో ఎప్పుడూ అంత ముక్తసరిగా మాట్లాడలేదు. పళ్లెం గట్టు మీద పెట్టి, పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాను. గిన్నెలు తోముతున్నట్టు చప్పుడు చేస్తూ ఏడ్చాను. నా చేతి వంట నచ్చలేదు కాబోలు. లేక నేనే నచ్చలేదేమో, ఇన్నాళ్లూ మొహమాటానికి ఊరుకున్నారేమో. కొత్త కాపురంలో మనసు ఎంత దూరమైనా పోతుంది.

"పూజితా." కిటికీలోంచి ఆవిడ గొంతు. "ఆ ఒక్క గిన్నెనే ఎంతసేపు తోముతావు? ఇటు రా."

వెళ్లాను. మంచం మీద చోటు చూపించారు. కూర్చున్నాను.

"బాగా కుదిరాయి. వాసనకే తెలిసింది. నువ్వేం బాధపడకు."

"మరెందుకు తినరు?"

ఆవిడ తలుపు వైపు చూశారు. మామయ్య కొట్టుకి వెళ్లారని నేను చెప్పాకే మొదలుపెట్టారు.

"పోయిన కార్తీకంలో కాశీ వెళ్లాం కదా. అక్కడ గంగ ఒడ్డున మనకి బాగా ఇష్టమైనది ఒకటి వదిలెయ్యాలి. మళ్లీ జన్మలో ముట్టకూడదు. పంతులుగారు వరసగా అడుగుతున్నారు. మీ మామయ్య కాకరకాయ వదిలారు."

"మామయ్య కాకరకాయ తినరుగా?"

"పుట్టి బుద్ధెరిగాక తిన్లేదు. మాతో వచ్చిన మా అక్క ఆపిల్ పండు వదిలింది. అది ఆస్పత్రిలో తప్ప ఎక్కడా తినదు." ఆవిడ పెదవులు కొంచెం కదిలాయి. "నా వంతొచ్చింది. పైకి చెబుదామంటే గంగ ఒడ్డున మాంసం పేరెత్తితే పంతులుగారు ఏమంటారో అని భయం. కళ్లు మూసుకుని మనసులోనే కైమా ఉండలు అనేసుకున్నాను. ఏం వదిలావని అందరూ అడిగారు. సపోటా అని చెప్పాను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుని అడిగాను. "ఇదే ఎందుకు వదిలారు? మీరూ ఏ కాకరకాయో వదిలెయ్యొచ్చుగా?"

ఆవిడ దుప్పటి అంచు మడతపెట్టారు, విప్పారు.

"మా వాడికి ముప్ఫై మూడొచ్చాయి. తోటుంది, కొట్టుంది, చదువుంది. అయినా ప్రతి సంబంధమూ ఒకటే మాట. అబ్బాయి హైదరాబాదులో ఉంటాడా? ఊళ్లోనే అంటే ఫోన్ పెట్టేసేవారు. వాడు పైకి నవ్వుతూనే ఉండేవాడు. భోజనానికి కూర్చుంటే మాత్రం పళ్లెంలోంచి తలెత్తేవాడు కాదు. మరి అంత పెద్ద కోరిక కోరుకుంటూ, కాకరకాయ ఇచ్చి రమ్మంటావా?"

నేను ఆవిడ కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"కాశీ నుంచి వచ్చిన నెల తిరక్కుండానే మీ నాన్నగారు ఫోన్ చేశారు," అన్నారు అత్తయ్య. "మా అమ్మాయికి ఊళ్లో ఉండటమే ఇష్టమటండీ, అని."

నా కోసం ఒక మనిషి తన నోటి రుచి తీసుకెళ్లి గంగలో వదిలేసి వచ్చింది. నేనేమో ప్రతి ఆదివారం ఆవిడ ఎదుటే కూర్చుని, పులుసు కూడా నాక్కుని తిన్నాను.

"అత్తయ్యా, నేను వచ్చేశాను కదా. ఇంక ఎక్కడికీ పోను. ఆ వదిలేసేదేదో నేను వదిలేస్తాను, నా పేరున రాయించుకుంటాను. మీరు తినండి."

"నువ్వు మానేస్తే నేనెవరికి చెయ్యను?"

"పోనీ, ఉండలు చుట్టకుండా అదే మసాలాతో ఉత్త కూరలా చేసిస్తే? మీరు వదిలింది ఉండలేగా?"

"తప్పు. దేవుడి దగ్గర తెలివితేటలు చూపించకూడదు. నా కోసమని వేరే వండితే అది మోసమే." నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చేతిలో బరువే లేదు. "ఇది నీ మొగుడికి చెప్పకు. వాడు జన్మలో ఈ కూర ముట్టడు."

అనుదీప్ దగ్గర నేను దాచిన మొదటి విషయం అదే. రెండుసార్లు నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి బలవంతంగా దగ్గాను, ఇంకోసారి ముద్దు పెట్టాను. రెండోది వాడికి నచ్చింది.

ఆ తర్వాత కూడా అత్తయ్య తిండి ఏమీ పెరగలేదు. జ్యేష్ఠం చివరికొచ్చింది. అమావాస్య వెళ్లగానే నన్ను తీసుకెళ్లడానికి నాన్న వస్తానన్నారు. నేను ఉండిపోతానన్నాను. మామయ్య "ఉండనీ" అన్నారు, పెద్దత్తయ్య ఫోన్లో "కుదరదు" అన్నారు. చివరికి అత్తయ్య తేల్చేశారు. "అందరూ ఏమంటారని కాదమ్మా. ఆషాఢంలో నువ్విక్కడుంటే నాకే మనసుకి బాగోదు. వెళ్లిరా."

ఎలా వెళ్లను? నేను ఎదురుగా ఉండి పెడుతుంటేనే రెండు ముద్దలు తింటున్న మనిషి. వంటకి ఒక మనిషిని పెట్టారు. ఆవిడ వంట బాగానే ఉంది కానీ, అత్తయ్య చేత ఇంకో ముద్ద తినిపించడానికి అబద్ధాలూ అలకలూ ఆవిడకి చేతకావు.

వెళ్లే ముందు ఆదివారం అత్తయ్య లేచి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు.

"ఇవాళ ఉండలు చెయ్యి. నేను చూస్తాను. వాళ్లిద్దరూ అడగరు కానీ, తిని చాలా రోజులైంది."

చేశాను. ఆవిడ చెబుతూ ఉంటే వెనక్కి తిరిగి చూడకుండా ఒక్కోటీ చేశాను. ఇంకా పిండు, నీళ్లున్నాయి. పప్పు పొడి చాల్లే, ఎక్కువైతే రాయవుతుంది. చేతికి నూనె రాసుకో. ఈసారి అన్నీ ఒకే సైజులో వచ్చాయి. పులుసు మరుగుతుంటే ఒక్కోటీ జారవిడిచాను.

"ఇప్పుడు గరిటె పెట్టకు. పెట్టావంటే అన్నీ విడిపోతాయి. ఉడికి గట్టిపడేదాకా గిన్నెనే గుడ్డతో పట్టుకుని తిప్పాలి."

గుడ్డ నా భుజం మీదే ఉంది. వరండాలో అనుదీప్, మామయ్య ఏదో పురుగుమందు గురించి వాదించుకుంటున్నారు. మసాలా వాసన వంటింటి నిండా కమ్ముకుంది. నేను తిరిగి చూశాను. అత్తయ్య కళ్లు ఆ గిన్నె మీదే ఉన్నాయి. కొంగు కొసని వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు.

గట్టు మీదున్న గరిటె తీసుకుని గిన్నెలో పెట్టాను. అడుగు నుంచి పైకి మెల్లగా ఒకసారి తిప్పాను. ఆ తర్వాత ఇంకోసారి.

ఆవిడ చూశారు. వద్దనలేదు. చాలాసేపటికి, "మూత పెట్టు," అన్నారు.

భోజనాలకి అనుదీప్ మూత తీసి లోపలికి తొంగి చూశాడు. "పూజీ, ఉండలేవి?"

"విడిపోయాయి."

"అన్నీనా? ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి..."

"కెమిస్ట్రీలో గరిటెలుండవు. నోర్మూసుకుని తినండి."

మామయ్య నోట్లో పెట్టుకుని, "చూపుకేం లేదుగానీ రుచి దివ్యంగా ఉంది," అన్నారు నా మొహం చూసి.

అప్పుడు అత్తయ్య తన పళ్లెం ముందుకి జరిపారు. "నాక్కూడా కాస్త వెయ్యమ్మా."

మామయ్య చెయ్యి నోటి దగ్గరే ఆగింది. "ఈమధ్య నీకు కైమా పడటం లేదన్నావుగా?"

"పిల్ల చేతిలో విడిపోయాయి. ఇంత కూర, పారబోయమంటారా?"

"నేనెందుకు పారబోయమంటాను?" అన్నారాయన, బిక్కమొహం వేసుకుని.

నేను వడ్డించాను. ఆవిడ అన్నం కలిపారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమల్లేదు, అలాగే ఉంచుకున్నారు. తర్వాత నమిలారు. "ఉప్పు కాస్త పడాలి," అన్నారు. అనుదీప్ తల వంచుకుని తన పళ్లెంలోకి చూస్తున్నట్టు నటిస్తూ తల్లినే చూస్తున్నాడు. రెండో ముద్ద, మూడో ముద్ద. మామయ్య లేచి, ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లి, ముక్కు చీదుకుని వచ్చారు.

"ఇంకాస్త వెయ్యి," అన్నారు అత్తయ్య.

గిన్నె అడుగు నుంచి తీసి వేశాను. ఆవిడ వేళ్లతో కలపబోయి ఆగారు. పులుసు చాటున ఒక ఉండ, గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది. నా గరిటెకి దొరకకుండా ఎలా తప్పించుకుందో మరి. ఆవిడ దాన్ని చూశారు, నేను చూశాను.

ఎడమచేత్తో చెంచా అందుకుని, ఆ ఉండని విరగనివ్వకుండా ఎత్తి నా పళ్లెంలో పెట్టారు.

"ఇది నువ్వు తినమ్మా," అన్నారు. ఆ తర్వాత వంగి, మిగిలిన అన్నమంతా కలుపుకుని, ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నారు.